గొడుగు గుడ్డ టోపీ

లారీ టార్పాలిన్ ఎప్పుడూ వదులుగానే కుట్టాలి. బిగువుగా కుడితే మొదటి వానకే కాన్వాసు ముడుచుకుపోతుంది, అంచులు తాళ్ళకి అందవు, సరుకు తడుస్తుంది, డ్రైవరు వచ్చి మన మీద పడతాడు. పనిలో చేరిన కొత్తలో నాకు చెప్పిన మొదటి మాట ఇది. పని మానేసే దాకా నేను వదలని మాట కూడా ఇదే. ఒక్కసారి మాత్రం వదిలాను. ఆ సంగతే ఇది.

మా వీధిలో కుట్టు నేర్చుకుంటున్న ఆడపిల్లలు ఒకటే పీకుతున్నారు, "మామ్మా, మీ పనిలో విశేషాలేవైనా రాసివ్వండి, మేం చదువుకుంటాం" అని. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. అక్షరాలు వంకర పోతే సర్దుకోండి, కుట్టు మాత్రం వంకర పోనివ్వకండి.

ఆటోనగర్‌లో మాది సీటు కవర్ల షాపు. కార్లకీ ఆటోలకీ రెగ్జిన్ కవర్లు, లారీలకి టార్పాలిన్లు. ఓనరు నాకంటే చిన్నవాడు, నన్ను అక్క వరస పెట్టి "అప్పా" అంటాడు, కానీ జీతం ఇచ్చే రోజున ఆ పిలుపు కొంచెం నెమ్మదిగా వస్తుంది. ఇంకొకడు ఫోమ్ కోసే మేస్త్రీ. నాకు వరసకి మరిది. చెయ్యి ఎంత చక్కగా తిరుగుతుందో నోరు అంత అడ్డంగా తిరుగుతుంది. నేను చిన్న ముక్క గుడ్డ కూడా పారెయ్యనని వాడికి తెగ నవ్వు. "వొదిన పోయినాక బీరువా తెరిస్తే మనిషికో దుప్పటి వత్తాది, అన్నీ అతుకులే" అనేవాడు.

నేను ఇంకో ఏడాదికి పని మానేస్తాననగా, ఒకరోజు సముద్రం ఒడ్డు పేట నుంచి ఒక చేపల వేటగాడు వచ్చాడు, బోటు ఇంజను మీద కప్పడానికి టార్పాలిన్ కావాలని. వెనకే వాళ్ళమ్మాయి సైకిలు మీద వచ్చింది. సన్నగా, నల్లగా, కాళ్ళు మాత్రం ఇనప కడ్డీల్లా ఉన్నాయి. సైకిలు సన్న చక్రాలది. నెత్తిన హెల్మెట్, దాని నిండా పొడుగు పొడుగు బొక్కలు.

తండ్రి కొలతలు చెబుతుంటే అది హెల్మెట్ తీసి నా మిషను మీద పెట్టింది.

"మామ్మా, ఈ బొక్కలు ముయ్యాల."

"ఏటి? ఈ బొక్కలు కొన్నప్పుడే లేవేటి?"

"ఉన్నాయి మామ్మా. గాలి ఆడ్డానికి ఎట్టినారు."

"మరి బొక్కలకి డబ్బులిచ్చి కొని, మళ్ళీ డబ్బులిచ్చి మూయించుకుంటావేటి? బుర్రుందా నీకు?"

మేస్త్రీ ఫోమ్ కోయడం ఆపి కిసుక్కున నవ్వాడు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు, కోప్పడనూ లేదు. చిన్నపిల్లకి చెప్పినట్టు నాకు చెప్పుకొచ్చింది. జోరుగా తొక్కేటప్పుడు మనిషి బలంలో సగానికి పైగా గాలిని తోసుకోడానికే పోతుందట. ఒళ్ళంతా వంచుకున్నాక గాలికి ముందు ఎదురెళ్ళేది తలే. ఈ బొక్కల్లో గాలి దూరి, సుడి తిరిగి, వెనక్కి లాగుతుంది. పెద్ద పోటీలకి వెళ్ళేవాళ్ళు గుడ్డులా నున్నగా ఉండే హెల్మెట్లు పెట్టుకుంటారు. అవి కొనే స్తోమతు దీనికి లేదు.

"అందుకే మీద ఒక తొడుగు కుట్టమంటన్నాను. బిగువుగా ఉండాల మామ్మా. తొడుగు వేసుకోవచ్చా అని కోచ్ గారు పోటీ పెట్టేవోళ్ళని అడిగినారు, తప్పు లేదన్నారు. హెల్మెట్‌కి కన్నం పెట్టకూడదు, జిగురు పుయ్యకూడదు, గడ్డం కింద పట్టీ బాగుండాల. అంతే."

తండ్రి గొంతు సవరించుకున్నాడు. "ఇదే ఆఖరు సారని దీనికి సెప్పేసినానమ్మా. వచ్చే నెల్లో బీచ్ రోడ్డు మీద ఎంపిక పోటీ ఉన్నాది. రాష్ట్రం జట్టులోకి తీసుకున్నారా సరే. లేకపోతే సైకిలు అమ్మేసి ద్వారకా నగర్లో బట్టల షాపులో బిల్లులు కొట్టుకోవాల. మాటాడేసినాను కూడా."

నిజం చెప్పొద్దూ, నాకు ఆయన మాటే సబబనిపించింది. రోజూ తెల్లారి సైకిలు తొక్కి ఎక్కడినుంచి బయల్దేరిందో అక్కడికే తిరిగొచ్చే పిల్లని ఏమనాలి? సరుకా మోయదు, మనిషినా ఎక్కించుకోదు. కానీ ఆ పిల్ల తండ్రి మాటకి ఎదురు చెప్పలేదు. హెల్మెట్ మీద వేళ్ళు పెట్టి ఆ బొక్కల్ని ఒక్కొక్కటీ తడుముతూ నిలబడింది. ఆ తడమడం చూసి ఊరుకోలేకపోయాను.

"పెట్టెళ్ళు. సూత్తాను" అన్నాను.

కొత్త గుడ్డ కొనే ప్రశ్నే లేదు. మా ఇంట్లో ఊచలు విరిగిన గొడుగు ఒకటి ఏళ్ళ తరబడి ఉంది, ఏదో ఒకదానికి పనికొస్తుందని దాచినది. నల్లటి నున్నటి గుడ్డ, నీళ్ళు నిలవవు. పైగా గొడుగు గుడ్డ ముందే మూడు మూలల ముక్కలుగా కోసి ఉంటుంది కదా, తలకాయ ఆకారానికి వాటినే కలిపి కుట్టాను. అంచున ఎలాస్టిక్ వేశాను. కుట్ల లోపల గుడ్డ బాగా వదిలాను, పైన కూడా కొంచెం వదులుగానే ఉంచాను. ఎందుకని అడిగితే, వదలాలి కాబట్టి వదిలాను. పిల్లల గౌన్లకైనా, లారీ టార్పాలిన్లకైనా అలాగే వదులుతూ వచ్చాను. వానకి ముడుచుకుంటే? రేపు ఇంకో పెద్ద హెల్మెట్ కొంటే?

మేస్త్రీ లోపలి మడతలు తిరగేసి చూశాడు.

"వొదినా, ఆ పిల్ల తల ఇంకా పెరుగుతాదేటి?"

"నీ నోరు పెరుగుతున్నాది. ఫోమ్ కొయ్యి."

తొడుగు బాగుందనే అందరూ అన్నారు. ఆ పిల్ల పెట్టుకుని అద్దంలో చూసుకుని మురిసిపోయింది. నాకూ లోపల గర్వంగానే ఉంది.

నాలుగు రోజులకి తిరిగి వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది. కోచ్ గడియారం పట్టుకుని చూశాడట. తొడుగు వేసుకుంటే, వేసుకోనప్పటికంటే ఆలస్యంగా వస్తోంది. ఒకసారి కాదు, ప్రతిసారీ.

ఇక మా షాపులో పంచాయితీ మొదలైంది. సముద్రం గాలి ఎదురు కొట్టి ఉంటుందని మేస్త్రీ. గొడుగు గుడ్డ బరువు ఎక్కువేమోనని ఓనరు. తొడుగు కింద తల ఉడికిపోయి నీరసం వచ్చి ఉంటుందని నేను. చివరికి, "రాత్రి ఏం తిన్నావ్?" అని దాన్నే నిలదీశాను కూడా.

"అన్నం, సేపల పులుసు మామ్మా."

"పులుసు ఎక్కువ తిన్నావ్. అదీ సంగతి."

"పులుసుకీ గాలికీ ఏటి మామ్మా సంబంధం?" అంది అది, ఏడుపూ నవ్వూ కలిసిపోయిన గొంతుతో. "తొడుగు వేసుకుని జోరు అందుకోగానే సెవుల మీద పటపటమని సప్పుడు. ఎవరో ఎనకాల్నుంచి జుట్టు పట్టుకున్నట్టుంటాది."

అప్పుడు ఓనరు ఒక మంచి మాట అన్నాడు. ఆయన జీవితంలో మంచి మాటలు తక్కువే కాబట్టి నాకు బాగా గుర్తు. "ఇక్కడ కూకుని కొట్టుకోడం ఎందుకప్పా? ఆదివారం స్టీల్ ప్లాంటు పక్క రోడ్డు ఖాళీగా ఉంటాది. అది తొక్కుతాది, నాను స్కూటరు మీద పక్కనే వత్తాను. నువ్వు ఎనక కూకుని సూడు."

ఆదివారం పొద్దున్నే వెళ్ళాం. ఓనరు భార్య హెల్మెట్ నా నెత్తిన పెట్టారు. అంతకు ముందెప్పుడూ నేను హెల్మెట్ పెట్టుకోలేదు, స్కూటరెక్కింది కూడా ఆస్పత్రికి వెళ్ళాల్సి వచ్చినప్పుడే. చీర కుచ్చిళ్ళు చక్రంలో పడకుండా మోకాళ్ళ కింద బిగించి, ఓనరు భుజం పట్టుకుని కూర్చున్నాను. రోడ్డు పొడవునా ప్లాంటు గోడ, దాని మీద నుంచి పొగగొట్టాలు. ఒక్క బండి లేదు.

పిల్ల వంగి తొక్కడం మొదలుపెట్టింది. స్కూటరు ముల్లు పైకి పాకుతోంది, అది మాతో సమానంగా వస్తోంది! నోరు తెరుచుకుపోయింది నాకు. సైకిలు ఇంత జోరుగా పోతుందని నేను ఎన్నడూ అనుకోలేదు. బాగా చూద్దామని ఓనరు భుజం పక్కనుంచి తల బయటికి పెట్టాను. ఎవరో నుదుటి మీద అరచెయ్యి ఆనించి నెట్టినట్టయింది. మెడ వెనక్కి పోయింది. తల లోపలికి తీసుకున్నాను, నెట్టే ఆ చెయ్యి పోయింది. మళ్ళీ బయటికి పెట్టాను, మళ్ళీ చెయ్యి. ఇంత పెద్ద వయసులో గాలితో దాగుడుమూతలాడాను. పిల్ల చెప్పినప్పుడు నా బుర్రకెక్కని మాట అప్పుడు నా మెడకెక్కింది.

ఇక తొడుగు వంక చూశాను. నూనెలో వేసిన పూరీ ఎలా పొంగుతుందో అలా పొంగి ఉంది. గాలి ముందు నుంచి ఎలాస్టిక్ కిందకి దూరి, నేను ప్రేమగా వదిలిన గుడ్డనంతా ఊదేసింది. నున్నటి గుడ్డు అవ్వాల్సిన తల, పటపట కొట్టుకునే చిన్న తెరచాప అయింది. ఆ తెరచాపని నెత్తిన పెట్టుకుని పాపం ఆ పిల్ల గాలికి ఎదురెళ్తోంది.

"ఆపు! ఆపవయ్యా!" అని ఓనరు వీపు మీద కొట్టాను.

"ఏటయినాది అప్పా? కుచ్చిళ్ళా?"

"కుచ్చిళ్ళు కాదు. పొంగింది! పూరీలా పొంగింది!"

పోర్టుకి బొగ్గు తోలే డ్రైవరొకడు ఉండేవాడు. ఎప్పుడొచ్చినా ఒకటే గొడవ, "అమ్మా, నీ టార్పాలిన్ కొట్టుకుంటంటే బండి ముందుకి సాగదు, డీజిల్ తాగేత్తంది" అని. "నా గుడ్డ డీజిల్ తాగదు బాబూ, నీ ఇంజను సూపించుకో" అని పంపేసేదాన్ని. ఆ రోజు రోడ్డు పక్కన నిలబడి ఆయనకి మనసులో ఒక దణ్ణం పెట్టుకున్నాను. ఎక్కడున్నాడో.

ఇంకొకటి కూడా కనిపించింది. ఆ పిల్ల మధ్య మధ్య తలెత్తి నా వంక చూస్తోంది, నేనేమంటానోనని. తల ఎత్తినప్పుడల్లా స్కూటరు కంటే ఒక సైకిలు పొడుగు వెనకబడుతోంది.

సోమవారం కత్తెర పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి రాలేదు. మీరు నవ్వుతారు. కానీ లోపల వదిలిన గుడ్డని కోసేస్తే ఇక ఆ తొడుగు ఇంకో దేనికీ సరిపోదు. ఆ ఒక్క హెల్మెట్‌కే, ఆ ఒక్క పిల్లకే. నేను కుట్టిన ప్రతి దానిలోనూ రేపటికి కొంచెం చోటు ఉంచాను. మా అమ్మాయి పెళ్ళి జాకెట్టు లోపల కూడా ఇద్దరు పిల్లలు పుట్టాక విప్పుకునేంత గుడ్డ వదిలాను. ఈ పిల్లకి రేపు అనేది ఆ పోటీ రోజుతో తేలిపోతుంది. ఇక వదులు ఎవరి కోసం?

మేస్త్రీ ఫోమ్ పక్కన పెట్టి వచ్చాడు. ఈసారి వెటకారం ఆడలేదు. "ఇయ్యి వొదినా, నాను కోత్తాను" అన్నాడు.

"అక్కర్లేదు. నీ చేతికిస్తే ఫోమ్ కోసినట్టు కోత్తావ్."

కోశాను. కుట్లన్నీ లోపలికి తిప్పి, హెల్మెట్‌కే తొడిగి, గుండుసూదులు పెట్టి, ఎక్కడ వదులుంటే అక్కడ మళ్ళీ విప్పి కుట్టాను. గుడ్డ మీద వేలితో మీటితే డప్పులా పలికేదాకా వదల్లేదు. అయితే మన ఊరి ఉక్కపోత సంగతి నాకు తెలుసు. పూర్తిగా మూసేస్తే తల గిన్నెలో గుడ్డులా ఉడుకుతుంది. నుదుటి దగ్గర రెండు బొక్కలు వదిలి చుట్టూ అంచు కుట్టాను, దూరిన గాలి పోవడానికి వెనకాల అడుగున కొంచెం సందు ఉంచాను. ఇందుకు కోచ్ కూడా సరేనన్నాడు.

పిల్ల తొడుక్కుని చూసింది.

"బిగువుగా ఉన్నాది మామ్మా."

"నువ్వు మొదటి రోజే బిగువన్నావ్. నానే ఇనలేదు. ఇప్పుడు నా మాట నువ్వు ఇను. పోటీ రోజున మీ అమ్మొచ్చినా, మీ నాన్నొచ్చినా, నానొచ్చినా తలెత్తి సూడకు. తలెత్తావంటే ఈ గుడ్డంతా దండగ. నాకు దండగంటే పడదు."

పోటీ రోజున బీచ్ రోడ్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా మూసేశారు. ఒక్కొక్కరినీ విడివిడిగా వదులుతారు, గడియారమే పోటీ. మొదటి నలుగురూ జట్టులోకి. షాపువాళ్ళం ముగ్గురం మలుపు దగ్గర నిలబడ్డాం. ఒడ్డు పేట నుంచి సగం ఊరు వచ్చింది. వేటకి పోవాల్సిన మగాళ్ళు కూడా ఆగిపోయి, రోడ్డు పక్కన గోల గోల. తండ్రి మాత్రం వాళ్ళకి దూరంగా, చేతులు కట్టుకుని సముద్రం వైపు తిరిగి ఉన్నాడు.

మిగతా పిల్లలు పోతుంటే చూశాను. నున్నటి హెల్మెట్లు, మెరిసే బట్టలు. ఇంత మందిలో నా పాత గొడుగేం చేస్తుందనిపించింది.

"అదిగో!" అన్నాడు మేస్త్రీ.

నల్లటి చుక్క. వంగి, తల భుజాల మధ్యలో దాచుకుని వస్తోంది. పేట జనం ఒక్కసారిగా అరిచారు. వాళ్ళమ్మ చీర కొంగు ఊపుతూ పేరు పెట్టి పిలిచింది. మేస్త్రీ ఈలేశాడు. ఓనరు ఏదో అరిచాడు, ఏదో ఆయనకే తెలీదు. నేను, ఎవరినీ చూడొద్దని చెప్పినదాన్ని, నేనే రోడ్డు అంచుకి పోయి, "తల దించవే! దించు!" అని గొంతు చించుకున్నాను.

ఎత్తలేదు. ఒక్కరి వంకా చూడలేదు. మా ముందు నుంచి సర్రున పోయింది. పటపట లేదు. పోయాక సన్నటి గాలి మా ముఖాలకి తగిలింది, అంతే.

ఫలితాలు చదివేటప్పుడు మొదటి మూడు పేర్లూ వేరేవాళ్ళవి. నాలుగోది దీనిది. అయిదో పిల్లకీ దీనికీ ఎంత తేడా అని అడిగితే, "ఒక్క తుమ్ము తుమ్మినంత మామ్మా" అన్నాడు కోచ్.

ఆ తుమ్ము నా గుడ్డదేనా అంటే, నేను చెప్పను. కాళ్ళు దానివి, ఊపిరి దానిది. గుడ్డ అడ్డం పడకుండా ఉంది, అంతవరకే నా గొప్ప. మొదటి తొడుగైతే అడ్డం పడేదని మాత్రం ఖాయంగా చెప్పగలను.

చెమటతో తడిసి ముద్దయి పిల్ల మా దగ్గరికి వచ్చింది. "మామ్మా, నువ్వూ వచ్చినావేటి? నాను సూడ్లేదు."

"సూడ్లేదు కాబట్టే ఇలా నిలబడ్డావ్" అన్నాను. కొంగుతో దాని నుదురు తుడిచాను.

తండ్రి అప్పటికి కట్టుకున్న చేతులు విప్పాడు. దగ్గరికి వచ్చి సైకిలు హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు, అమ్మే వస్తువు మీద వేసినట్టు కాదు. తరవాత నా వైపు తిరిగాడు.

"అమ్మా, మా బోటు టార్పాలిన్ కూడా ఇలగే బిగువుగా కుడతారేటి?"

"దానికి వదులే" అన్నాను. "బిగువైతే వానకి ముడుసుకుపోతాది."

తరవాతి ఏడాది జట్టువాళ్ళు ఆ పిల్లకి నున్నటి కొత్త హెల్మెట్ ఇచ్చారు. నేనప్పటికే పని మానేశాను. తొడుగు ఉతికి, మడిచి, ఇంటికి తెచ్చి ఇచ్చింది. నేను అనుకున్నట్టే అది ఇంకే తలకీ సరిపోలేదు. మనవడికి పెట్టి చూశాను, పక్కింటి అబ్బాయికి పెట్టి చూశాను. పారెయ్యడానికి మనసొప్పలేదు. ఒకరోజు ఊరికే ఆవకాయ జాడీ మీద పెట్టి చూస్తే, దాని కోసమే కోసినట్టు కూర్చుంది. నుదుటి బొక్కలు రెండూ మిగిలిన పీలికలతో మూసేశాను. గాలినే ఆపిన గుడ్డ, చీమల్ని ఆపలేకపోతుందా?

మొన్న ఆ పిల్ల వచ్చింది. భోజనానికి కూర్చోబెట్టి జాడీ తెస్తే, ముద్ద చేతిలోనే ఉంచుకుని పకపకా నవ్వింది.

"మామ్మా! అది నా టోపీ కాదేటి?"

"ఒకప్పుడు నీది. ఇప్పుడు జాడీది" అన్నాను, ఆవకాయ వడ్డిస్తూ. "నీకంటే ఇదే నయం. ఎవరొచ్చినా తలెత్తి సూడదు."